పదివేల ఫీజు కాలేజీలో మూడున్నరేళ్లు

2022 నవంబరులో ఒకే వారంలో నా చేతిలో రెండు ఎంబీబీఎస్ సీట్లు ఉన్నాయి. ఒకటి హైదరాబాద్ శివార్లలో పేరున్న ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ సీటు, అంటే ఎక్కువ ఫీజు ఉండే మేనేజ్‌మెంట్ కోటా, ఏడాదికి 11 లక్షల 55 వేలు. రెండోది ఒక జిల్లా కేంద్రంలో ఆ ఏడాదే కొత్తగా మొదలైన ప్రభుత్వ కాలేజీలో కన్వీనర్ సీటు, అంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకు వచ్చేది, ఏడాదికి పదివేలు. దూరం నుంచి చూసేవాళ్లకు ఇందులో ఆలోచించడానికి ఏముంది అనిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం ఆ మూడు రోజులు ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. చివరికి పదివేల సీటే తీసుకున్నాను. ఇప్పుడు ఫైనల్ ఇయర్‌లోకి వచ్చాను. కౌన్సెలింగ్ మొదలైనప్పుడల్లా తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి మా కాలేజీ ఎట్లుందని అడుగుతారు. ఫోన్‌లో సగమే చెప్పగలుగుతున్నాను కాబట్టి పూర్తిగా ఇక్కడ రాస్తున్నాను.

రెండు కాలేజీల పేర్లూ రాయడం లేదు. మా కాలేజీ గురించి నేను చెప్పే ఇబ్బందులు కొత్తగా తెరిచిన ఏ కాలేజీలోనైనా ఎదురయ్యేవే. ఒక్క పేరు పెట్టి చెబితే మిగతా చోట్ల అంతా బాగుందని అనుకుంటారు.

మాది హనుమకొండ. నాన్న ఆర్టీసీ డ్రైవర్. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ), ఎంజీఎం ఆసుపత్రి మా ఇంటికి దగ్గర. చిన్నప్పటి నుంచి నాకు డాక్టర్ చదువంటే ఆ కాలేజీనే, 1959 నుంచి మా ఊళ్లో ఉన్నదే. ఆ ఏడాది నీట్ జులై 17న జరిగింది. ఫిజిక్స్ దెబ్బకొట్టింది. కేఎంసీ అందలేదు. మొదటి విడత కన్వీనర్ కౌన్సెలింగ్‌లో నాకు ఏ సీటూ రాలేదు.

బీ కేటగిరీ అవకాశం ఎలా వచ్చిందంటే, ఆ సెప్టెంబరులోనే ప్రైవేటు కాలేజీల బీ కేటగిరీ సీట్లలో 85 శాతం తెలంగాణ పిల్లలకే ఇవ్వాలని ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. అంతకుముందు వాటికి దేశమంతటి నుంచీ పోటీ ఉండేది. అందుకే నా ర్యాంకుకు మంచి కాలేజీలోనే సీటు దొరికింది. అదే సమయంలో ఎనిమిది కొత్త ప్రభుత్వ కాలేజీలు నవంబరు 15న ఒకేసారి ప్రారంభమయ్యాయి. మొత్తం 1,150 సీట్లు. రెండో విడతలో వాటిలో ఒకటి నాకు వచ్చింది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ప్రైవేటు కాలేజీల్లో కూడా సగం సీట్లు కన్వీనర్ కోటావే. అప్పుడు ఏడాదికి 60 వేల ఫీజు. వెబ్ ఆప్షన్లలో, అంటే ఆన్‌లైన్‌లో మనం ఇచ్చే కాలేజీల జాబితాలో, నేను అలాంటివి నాలుగే పెట్టాను, అన్నీ హైదరాబాద్ దగ్గరవే. ఇంకో పది పెట్టి ఉంటే మధ్య దారి ఒకటి దొరికేదేమో. ఆప్షన్లు పెట్టేవాళ్లు దయచేసి బద్ధకించకండి. తర్వాతి విడతలో పై ఆప్షన్‌కు మారితే పాత సీటు దానంతట అదే పోతుంది కాబట్టి, నిజంగా ఇష్టమైన వరుసలోనే పెట్టండి.

ముందు ప్రైవేటు కాలేజీ చూడటానికి వెళ్లాం. మా పెద్దమ్మ కూతురు అప్పటికే అక్కడ చదువుతోంది. అక్క మమ్మల్ని అంతా తిప్పి చూపించింది. ఏసీ లైబ్రరీ, బొమ్మల మీద ఇంజక్షన్లు, కుట్లు నేర్పే స్కిల్ ల్యాబ్, ఇద్దరికి ఒక గది ఉన్న హాస్టల్. ఆదివారం ఇంటికి రావాలంటే మూడున్నర గంటల ప్రయాణం. నాకు చాలా నచ్చింది. అక్క గది కిటికీ దగ్గర కూర్చుని, ఇక్కడైతే నేను బాగా చదువుతాను అనుకున్నాను. తిరిగి వస్తుంటే నాన్న ఒకే ఒక్క మాట అన్నారు. "బెడ్లు చాన ఖాళీగ ఉన్నయి బిడ్డా." ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లుగా బస్సెక్కగానే ఎన్ని సీట్లు నిండాయో చూసే మనిషి ఆయన. వార్డుల్లోనూ అదే చూశారు. ఆ రోజు నేను ఆ మాట పట్టించుకోలేదు.

మరుసటి రోజు కొత్త కాలేజీకి వెళ్లాం. రెండు బస్సులు మారాం. కాలేజీ అని చూపించిన చోట రంగు వేస్తున్నారు. హాస్టల్‌కు అద్దె భవనం వెతుకుతున్నామన్నారు. పక్కనే జిల్లా ఆసుపత్రి. అక్కడ ఓపీ చీటీల క్యూ గేటు దాటి రోడ్డు మీదకు వచ్చింది. నేను భయపడ్డాను. నాన్న మాత్రం ఆ క్యూ దగ్గర చాలాసేపు నిలబడి చూశారు.

బ్యాంకు మేనేజర్ మాతో మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడారు. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలన్నారు. మాకున్న ఆస్తి 120 గజాల్లో కట్టుకున్న ఇల్లు ఒక్కటే. దాని మీద 40 లక్షల దాకా ఇవ్వొచ్చన్నారు. నాలుగున్నరేళ్ల ఫీజే 52 లక్షలు. మిగతాది నాన్న పీఎఫ్, అమ్మ బంగారం. వడ్డీ 10 శాతం అటూ ఇటూ. కోర్సు, ఆ తర్వాత ఇంకో ఏడాది అయ్యాక కిస్తీలు మొదలవుతాయని చెప్పగానే నాన్న ముఖం కొంచెం తేలికపడింది. నేను ఇంటికొచ్చి లెక్క వేశాను. కిస్తీలు తర్వాత కట్టినా వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. మొదటి ఏడాది 9 లక్షలు తీసుకుంటే, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు, ఇంకో ఏడాది గడువు, మొత్తం ఆరున్నరేళ్లకు చక్రవడ్డీ లేకుండానే 5 లక్షల 85 వేల వడ్డీ అవుతుంది. అది ఒక్క ఏడాది సొమ్ము మీదే. అసలు 40 లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 53 వేలు. అప్పుడు మా నాన్న చేతికొచ్చే జీతం అంతకంటే తక్కువ.

అయినా నాన్న కాగితాలు బీరువాలోంచి తీసి టేబుల్ మీద పెట్టారు. "ఇల్లు మళ్ల కట్టుకుందం బిడ్డా. నువ్వు భయపడుకుంట చదువుడు నాకొద్దు" అన్నారు. నిజంగానే ఇచ్చేసేవారు. అది తెలిసే నాకు ఏడుపొచ్చింది.

నిర్ణయానికి దారి చూపింది అమ్మ. కొలతలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ తీసి, కొత్త కాలేజీ అంటే నీకు భయం ఎందుకో ఒక్కొక్కటి చెప్పమంది. సీనియర్లు లేరు. బిల్డింగ్ లేదు. హాస్టల్ లేదు. సార్లు వస్తారో రారో తెలియదు. ఊరు దూరం. తెలిసినవాళ్లెవరూ లేరు. రేపు గుర్తింపు వస్తుందో రాదో. అన్నీ రాసింది. రాశాక, "ఇందులో అప్పు చేస్తేనే పోయేవి ఏవి, ఊకున్నా కొన్నాళ్లకు పోయేవి ఏవి?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటి కొట్టేశాం. బిల్డింగ్ వస్తుంది. హాస్టల్ వస్తుంది. స్నేహితులు వస్తారు. దూరం అలవాటవుతుంది. కొత్త కాలేజీకి మొదట అనుమతి ఇస్తారు, మొదటి బ్యాచ్ ఫైనల్ పరీక్షల సమయానికి తనిఖీ చేసి గుర్తింపు ఇస్తారు. ప్రభుత్వ కాలేజీ కాబట్టి ఆ భయాన్నీ కొట్టేశాం. రెండే మిగిలాయి. సీనియర్లు లేకపోవడం, సార్లు. ఆ రెండింటి కోసం ఇల్లు తనఖా పెట్టాలా అని అమ్మ అడగలేదు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక కాలేజీ గురించి.

హాస్టల్‌కు మొదటి ఏడాది ఐదులో ఒక మార్కు కూడా ఇవ్వలేను. ఫంక్షన్ హాల్ వెనక అద్దె భవనం, గదికి ఆరుగురు. పొద్దున ఏడు దాటితే ట్యాంకులో నీళ్లుండేవి కాదు. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పదకొండు దాకా బ్యాండు. మొదటి ఇంటర్నల్స్‌కు చెవుల్లో దూది పెట్టుకుని చదివాం. మూడో ఏడాది కొత్త హాస్టల్‌లోకి మారాక నయమైంది. ఇప్పుడు మూడు మార్కులు ఇస్తాను. మెస్ నెలకు 3,500. పప్పు బాగుంటుంది. కూరల మీద ఆశ పెట్టుకోవద్దు.

పాఠాల విషయంలో నా భయం నిజమైంది. అనాటమీలో మొదటి మూడు నెలలు మా అందరికీ కోసి నేర్చుకోవడానికి ఒక్కటే శవం. ముప్ఫై మంది చుట్టూ నిలబడితే వెనకున్నవాళ్లకు ముందువాళ్ల భుజాలే కనిపించేవి. రెండో ఏడాది ఒక సబ్జెక్టుకు చాలా నెలలు ప్రొఫెసర్ లేరు. ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్ క్లాసులు, ప్రాక్టికల్స్, పేపర్లు దిద్దడం అన్నీ తనే చూసుకున్నారు. ఆమె జ్వరంతో వచ్చి పాఠం చెప్పిన రోజు నాకు గుర్తుంది. సీనియర్లు లేకపోవడం నేను అనుకున్నదానికంటే ఎక్కువ బాధించింది. ఏ పుస్తకం కొనాలి, వైవాలో ఏం అడుగుతారు, పరీక్ష తప్పి సప్లీ రాయాల్సి వస్తే ఏం చేయాలి, చెప్పేవాళ్లే లేరు. అన్నీ అక్కకు ఫోన్ చేసి అడిగేదాన్ని. ఆమె తన నోట్సు మొత్తం ఫొటోలు తీసి పంపింది. ఆ ఏడాది నేను పాసయ్యానంటే అందులో సగం అక్క పుణ్యమే. మొదటి రెండేళ్ల చదువుకు ఐదుకు రెండున్నర.

కానీ వార్డుల్లోకి అడుగుపెట్టిన రోజు నుంచి లెక్క మారింది. దీని గురించి మాత్రం ఎంత చెప్పినా తనివి తీరదు.

జిల్లా ఆసుపత్రిలో పొద్దున తొమ్మిదిన్నరకే ఓపీ కిటకిటలాడుతుంది. పెద్ద కాలేజీల్లో విద్యార్థికీ రోగికీ మధ్య పీజీ చదివే డాక్టర్లు, ఫైనల్ పరీక్షలయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసే హౌస్ సర్జన్లు ఉంటారు. మా బ్యాచ్‌కు ముందు ఎవరూ లేరు. డాక్టరుగారి పక్కన నిలబడేది మేమే. "నువ్వు చూడు, చూసి నాకు చెప్పు" అనేవారు మెడిసిన్ సార్. వానాకాలంలో జ్వరాలు, పాము కాట్లు. పొలం పనుల రోజుల్లో పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లు. కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, నోట్లో ఆగకుండా నీళ్లూరడం, నాడి నెమ్మదించడం, ఇవి పుస్తకంలో చదివితే మూడు లక్షణాలు. రాత్రి రెండింటికి ఒక మనిషిలో మూడూ ఒకేసారి చూసి, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గేదాకా విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కిస్తూ పక్కన నిలబడితే ఇక జన్మలో మరిచిపోం. ఆ మనిషి మూడో రోజు లేచి కూర్చుని మజ్జిగ అడిగాడు.

ఇంకో రోజు ఒక ముసలమ్మ. చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల గుండె కవాటం ముడుచుకుపోయింది, మైట్రల్ స్టెనోసిస్. నాకు మర్మర్, అంటే ఆ కవాటం దగ్గర వచ్చే తేడా శబ్దం, వినబడటం లేదు. ఎడమ పక్కకు తిప్పించి స్టెత్ బెల్ పెట్టి వినమన్నారు సార్. మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగోసారి దూరంగా ఏదో దొర్లుతున్నట్టు ఆ శబ్దం వినిపించింది. ఆ అమ్మ నా ముఖంలో మార్పు చూసి, "ఇనవడ్డదా బిడ్డా?" అని అడిగింది. నేను తల ఊపితే తనే నవ్వింది. స్కిల్ ల్యాబ్ బొమ్మల్లోనూ మర్మర్లు ఉంటాయి, వాటితో నేర్చుకోవడం తప్పు కాదు. కానీ ఆ ప్రశ్న బొమ్మ అడగదు.

ఊళ్లలో నేర్చుకున్నదీ తక్కువ కాదు. మా బ్యాచ్‌కు ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రాం ఉంది, ఒక్కో విద్యార్థి ఊళ్లో కొన్ని కుటుంబాల ఆరోగ్యం గమనిస్తూ ఉండాలి. నాకు ఐదు కుటుంబాలు. ఒక ఇంట్లో తాతకు బీపీ గోలీలు ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. అయినా వేసుకోవడం లేదు. ఎందుకంటే ఆసుపత్రికి వచ్చే ఒకే ఒక్క బస్సు ఆయన మేకల్ని తోలుకెళ్లే వేళకు వస్తుంది. ఇది ఏ క్లాసులోనూ చెప్పరు. వార్డులకు, ఊళ్లకు ఐదుకు ఐదు, మనస్ఫూర్తిగా.

ఇక డబ్బు. చేరినప్పటి నుంచి ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఫీజు నాలుగుసార్లు, 40 వేలు. మెస్ 1 లక్ష 40 వేలు. పుస్తకాలు, స్టెత్, ఆప్రాన్లు కలిపి 45 వేలు. ప్రయాణాలు, చేతిఖర్చులు 60 వేలు. మొత్తం 2 లక్షల 85 వేలు. ఇందులో ఒక్క రూపాయి అప్పు లేదు, నాన్న జీతం, అమ్మ చిట్టీ. ఫైనల్ పరీక్షలు గట్టెక్కితే హౌస్ సర్జన్‌గా స్టైపెండ్ వస్తుంది. 2025 జూన్‌లో పెంచాక అది నెలకు 29,792 రూపాయలు. నా చదువుకు అయిన ఖర్చంతా ఆ ఒక్క ఏడాదిలో తిరిగొస్తుంది.

అక్క మాట కూడా చెప్పకపోతే ఈ రాత ఏకపక్షం అవుతుంది. అక్క కాలేజీలో సార్లు టైముకు వస్తారు, వారం వారం పరీక్షలు పెడతారు, అటెండెన్స్ కచ్చితం. ప్రతి ఏడాదీ ఆమెకు నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. తను ఇప్పుడు హౌస్ సర్జన్. పిల్లల డాక్టర్ కావాలని చిన్నప్పటి నుంచి కోరిక. సంక్రాంతికి కలిసినప్పుడు పీజీ గురించి అడిగాను. పెదనాన్న తీసుకున్న అప్పు 35 లక్షలు. వడ్డీతో కలిపి కిస్తీ నెలకు యాభై వేలు దాటుతుంది. "మొదటిసారి నీట్ పీజీలో ర్యాంకు రాకపోతే నువ్వు ఇంకో ఏడాది కూర్చుని చదువుకోవచ్చు చెల్లీ. ఆ ఏడాది నాకు ఆరు లక్షలు" అంది. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. వచ్చే ఏడాది రాత్రి డ్యూటీలకు ఏ ఆసుపత్రిలో చేరితే పగలు చదువుకోవడానికి వీలవుతుందో చూసుకుంటోంది. మా ఇంట్లో ఆ మూడు రోజులు నెలకు ఎంత కట్టాలనే లెక్క వేశాం. ఓడిపోతే మళ్లీ ప్రయత్నించే ఏడాది కూడా ఆ అప్పులోనే పోతుందని మాకు ఎవరికీ తట్టలేదు.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా మొదట ఇదే అడుగుతాను. ఆ ఫీజు తనఖా లేకుండా కట్టగలరా? కట్టగలిగితే, ఆ కాలేజీ మీ పిల్లలకు నచ్చితే, నిశ్చింతగా చేర్చండి. ఆరోగ్యం బాగాలేక ఇంటికి దగ్గర్లో ఉండాల్సిన వాళ్లున్నారు. వెంటపడి చదివిస్తేనే చదివే పిల్లలున్నారు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఒంటరితనం తట్టుకోలేక మొదటి ఏడాదే మానేసి ఇంటికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయికి పదివేల సీటు చవక కాదు. కానీ ఉన్న ఒక్క ఇల్లూ పెట్టాల్సి వస్తే, భవనాలు చూసి పెట్టకండి. నేను చూసింది భవనాలే. కాలేజీ నచ్చడం అంటే అప్పుడు నాకు కిటికీ, లైబ్రరీ, తెలిసిన అక్క. మూడున్నరేళ్ల తర్వాత నాకు ఈ కాలేజీ నచ్చింది, ఆ మూడూ లేకుండానే.

చూడటానికి వెళ్తే ఆదివారం వెళ్లకండి. సోమవారం పొద్దున పదింటికి ఓపీ దగ్గర నిలబడండి. వార్డుల్లో నిండిన బెడ్లు ఎన్నో చూడండి. ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో ఉన్న పిల్లల్ని అడగండి. ఏ సబ్జెక్టుకు సార్లు లేరు, నీళ్లు ఎన్నింటికి ఆగిపోతాయి, ఫీజు కాకుండా ఇంకేం కట్టించుకుంటారు అని. నిజం చెబుతారు.

పోయిన సెప్టెంబరులో జనగామ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వాళ్లమ్మాయికి మా కాలేజీలో వచ్చేలా ఉందట, భయపడుతోందట. సోమవారం తీసుకురమ్మన్నాను. ఓపీ అంతా తిప్పి, వార్డులు చూపించి, మధ్యాహ్నం హాస్టల్‌కు తీసుకెళ్లాను. అమ్మాయి అంతసేపూ పెద్దగా మాట్లాడలేదు. మెట్లెక్కుతుంటే మెల్లగా, "సీనియర్స్ మాట్లాడతారా అక్కా?" అని అడిగింది. మా గదిలోకి తీసుకెళ్లి, మొదటి ఏడాది నుంచి దాచిపెట్టిన నోట్సు కట్టలు చూపించాను. అక్క ఫొటోలు తీసి పంపినవి, నేను చేత్తో ఎక్కించుకున్నవి. ఆమె చేరింది. ఇప్పుడు మా కింది అంతస్తులో ఉంటుంది. ఆ కట్టల్లో అనాటమీది ఆమె దగ్గరే ఉంది.